పాత సైకిల్ మీటరు తీసి జీపీఎస్ యూనిట్ బిగించాను: నా అనుభవం

నా పాత వైర్‌లెస్ మీటరు పగలు బాగానే పనిచేసేది. రాత్రి ఎల్‌ఈడీ లైటు వేస్తే చాలు, స్పీడు సున్నాకు పడిపోయేది, లేదంటే ఉన్నట్టుండి 70 చూపేది. మీటరు చెడిపోయిందనుకుంటాం గానీ తప్పు సిగ్నల్‌ది. చవక వైర్‌లెస్ మీటర్లలో సెన్సర్ పంపేది బలహీనమైన అనలాగ్ సిగ్నల్. సుమారు 70 సెంటీమీటర్లు దాటితే అందదు. లైటులోని సర్క్యూట్ పుట్టించే రేడియో రొదను కూడా మీటరు చక్రం తిరిగినట్టే లెక్కేసుకుంటుంది. లైటును హ్యాండిల్‌బార్ అటు చివరకు జరిపితే కొంత నయం. చక్రం పుల్లకు (స్పోక్‌కు) బిగించిన అయస్కాంతం గొడవ వేరే. అది సెన్సర్‌కు 5 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. పంక్చర్ కోసం చక్రం తీసి పెట్టినప్పుడల్లా ఆ ఎడం మారుతుంది.

టైరు మార్చితే మీటరులో పెట్టిన చక్రం చుట్టుకొలత అంకె కూడా మార్చాలి. 700×23సి (700 చక్రం సైజు, 23 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో) కి 2096 మిల్లీమీటర్లు, 25సి కి 2105, 28సి కి 2136, 32సి కి 2155. 23 తీసి 28 వేసి పాత అంకె వదిలేస్తే దూరం 1.9 శాతం తక్కువ చూపుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లో) దాదాపు 4 కిలోమీటర్ల తేడా; క్యూ షీట్‌లో (ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎటు తిరగాలో చెప్పే కాగితంలో) రాసిన మలుపు ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే.

పాతది తీసేముందు ఓడోమీటరు అంకె రాసి పెట్టుకోండి. చాలా మీటర్లలో బ్యాటరీ తీస్తే అది పోతుంది.

జీపీఎస్ యూనిట్ కొనేటప్పుడు నేను ముందు చూసింది బ్యాటరీ. 200 బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40. పెట్టె మీద రాసే గంటలు బ్యాక్‌లైట్ తగ్గించి, మ్యాప్ వాడకుండా లెక్కకట్టినవి కావచ్చు. అందుకే రైడ్ నడుస్తుండగా పవర్‌బ్యాంక్‌తో ఛార్జ్ అవుతుందా అన్నదే అసలు ప్రశ్న. కొన్ని పాత మోడళ్లు కేబుల్ గుచ్చగానే కంప్యూటర్‌కు కలిపామనుకుని రికార్డింగ్ ఆపేస్తాయి. ఇంట్లోనే పరీక్షించి చూడాలి.

మౌంట్ విషయానికొస్తే, హ్యాండిల్‌బార్ మధ్యభాగం చాలా రోడ్ సైకిళ్లకు 31.8 మిల్లీమీటర్లు, పాత వాటికి 25.4 లేదా 26, కాబట్టి లోపల రబ్బరు షిమ్ (సందు నింపే పట్టీ) పడుతుంది. స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే భాగం) మీద రబ్బరు రింగులతో కట్టేది కూడా చాలు, కానీ ఎండకు రింగులు బీటలు వేస్తాయి. యూనిట్‌కు తాడు కట్టి బార్‌కు ముడి వేయడం మానకండి.

జీపీఎస్ ఉంది కదా, స్పీడ్ సెన్సర్ ఎందుకని అడుగుతారు. ఫ్లైఓవర్ కింద, దట్టమైన చెట్ల కింద, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ లాంటి చోట ఆకాశం కనిపించదు, స్పీడు ఊగిపోవచ్చు. హబ్‌కు (చక్రం మధ్య భాగానికి) చుట్టే సెన్సర్‌కు అయస్కాంతం అక్కర్లేదు, ఎడం సరిచూసుకునే పనీ లేదు. ట్రైనర్ (ఇంట్లో సైకిల్ నిలిపి తొక్కే స్టాండు) వాడేవాళ్లు దాన్ని వెనక హబ్‌కే పెట్టాలి, ఎందుకంటే ట్రైనర్ మీద ముందు చక్రం తిరగదు. సెన్సర్‌ను యూనిట్‌కు జత చేసేటప్పుడు వేరే సైకిళ్లు దగ్గర లేకుండా చూసుకోండి, లేకపోతే పక్కవారి సెన్సర్ దొరుకుతుంది. ముందే ఫోన్‌కు బ్లూటూత్‌లో కలిపేస్తే యూనిట్‌కు కనబడకపోవచ్చు. యాంట్ ప్లస్‌లో (సెన్సర్లు వాడే ఇంకో వైర్‌లెస్ పద్ధతిలో) ఆ బెడద ఉండదు. చుట్టుకొలత ఆటోలో పెడితే జీపీఎస్ దూరంతో పోల్చి తానే లెక్కేసుకుంటుంది. మొదటి రైడ్ మాత్రం తిన్నని, ఆకాశం కనిపించే రోడ్డు మీద చేయాలి; ఘాట్ మలుపుల్లో జీపీఎస్ మూలలు కోసి దూరం తగ్గిస్తుంది.

సెట్టింగుల్లో రికార్డింగ్ సెకనుకోసారి పెట్టాను. బ్రెవేల్లో ఆటో పాజ్ (ఆగగానే రికార్డింగ్ నిలిపేసేది) తీసేస్తాను, టీ తాగే సమయం కూడా గడువులో లెక్కే కాబట్టి. ఎత్తు గాలి పీడనం నుంచి వస్తుంది: ఒక హెక్టోపాస్కల్ మారితే సుమారు 8 మీటర్లు. వాన వాతావరణంలో సైకిల్ నిలిపి ఉంచినా ఎత్తు మారుతుంటుంది. బారోమీటర్ రంధ్రంలో నీళ్లు చేరితే అనంతగిరి కొండ ఎక్కుతున్నా అంకె కదలకపోవచ్చు. దాన్ని పిన్నుతో పొడవకండి. గుడ్డతో అద్ది ఆరనిస్తే చాలు.

ఎక్కువ విసిగించేది రూట్ ఫైలే (యూనిట్‌లో వేసుకునే దారి మ్యాప్ ఫైల్). మామూలు జీపీఎక్స్ రకం ఫైల్ ట్రాక్‌లో సాధారణంగా గీత ఉంటుంది గానీ మలుపు సూచనలు ఉండవు. రూట్ తయారుచేసే యాప్ నుంచి టీసీఎక్స్ లేదా ఫిట్ రకం ఫైల్‌లో కోర్సుగా (యూనిట్ చూపే దారిగా) దించుకోవాలి. వెళ్లిన దారినే తిరిగొచ్చే రూట్లలో గీత మీద గీత పడుతుంది, యూనిట్ ఏ దిక్కున ఉన్నామో తేల్చుకోలేక తికమకపడుతుంది. బయల్దేరిన చోటే ముగింపు కూడా ఉంటే, మొదట్లోనే కోర్సు పూర్తయిందని చెప్పే మోడళ్లూ ఉన్నాయి. నేను రూట్‌ను యూ టర్న్ కంట్రోల్ (బ్రెవేలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర రెండుగా కోసి, వెళ్లేది ఒక ఫైల్, వచ్చేది ఇంకో ఫైల్ చేస్తాను. రెండోది తెరిచేటప్పుడు రైడ్ సేవ్ చేయనక్కర్లేదు. రికార్డింగ్ నడుస్తుండగానే కోర్సు మార్చుకోవచ్చు.