పిల్లి వాసన, మా ఊరి బండ

రాత్రి రూముకి చేరేసరికి మావాళ్లలో ఎవరో ఒకరు 'మ్యావ్' అంటారు. కోపం రాదు. పొద్దున్నుంచి పిల్లి ఉచ్చ కడిగొచ్చినవాణ్ణి ఇంకేమంటారు? బస్సులో పక్క సీటాయన ముక్కు నలుపుకుంటూ లేచి వెనక్కి పోతేనే కొంచెం చివుక్కుమంటుంది.

మాది తాడిపత్రి. మూడేళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేసి బెంగళూరు వచ్చాను. కేఆర్ పురంలో ఐదుగురం ఒక రూములో ఉంటాం. ఇళ్లకు డీప్ క్లీనింగ్ చేసే కంపెనీలో పని. కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లకు పొమ్మంటే అందరికీ ఆ రోజే జ్వరం వస్తుంది. అట్లా ఆ ఇళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

మొదటి నెలలోనే పెద్ద తప్పు చేశాను. పిల్లిని కట్టడి చేసిన బాత్రూంలో వాసన పోవడం లేదని, తలుపేసుకుని బ్లీచింగ్ నీళ్లు దండిగా పోశాను. రెండు నిమిషాల్లో కళ్లు మంట, దగ్గు, ఊపిరి ఆడలేదు. ఎట్లా బయటపడ్డానో నాకే గుర్తులేదు. ఉచ్చ నిలవుంటే అమోనియా తయారవుతుందని, అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుందని తర్వాత తెలిసింది. మా సూపర్‌వైజర్‌కి చెప్తే 'కిటికీ తీసుకోవాలి కదా' అన్నాడు, అంతే. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే. బ్లీచింగ్‌ని టాయిలెట్ యాసిడ్‌తోనూ కలపొద్దు, దాంతో క్లోరిన్ వస్తుంది.

ఫినాయిల్ సంగతి వేరే. వాసన మీద ఇంకో వాసన పూయడమే అది. పైగా పిల్లి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, ఫినాల్ ఉన్న సరుకు దాని ఒంటికి అస్సలు పడదు. ఈ ముక్క చెప్తే ఓనరమ్మలు నన్ను డాక్టర్‌ని చూసినట్టు చూస్తారు.

మొన్న జూన్‌లో బెల్లందూరులో ఒక ఫ్లాట్‌కి పోయాను. సాఫ్ట్‌వేర్ అమ్మాయి, ఇల్లు ఖాళీ చేస్తోంది. నేను ఫోన్లో మావాడితో మాట్లాడేది విని, "అన్నా, తెలుగేనా? ఏ ఊరు?" అంది. తనది నంద్యాల. మొహంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది. ఇంటి ఓనరు ముందురోజు వచ్చి, గది మధ్యలో నిలబడి "వాసనె హోగిల్ల" అన్నాడట. కన్నడం రాకపోయినా, వాసన పోలేదంటున్నాడని ఎవరూ చెప్పక్కర్లేదు. అడ్వాన్సులో కోత పెడతాడని ఆ అమ్మాయి భయం. చిన్న మొత్తమైతే పోనీ అనుకోవచ్చు, ఈ ఊళ్లో అడ్వాన్సంటే కొన్ని నెలల అద్దె. పెయింటింగ్ పేరుతో ఒక నెలది ఎట్లాగూ పట్టుకుంటారు, ఇప్పుడు దానికి పిల్లి తోడైంది.

"నాకైతే ఏమీ రావట్లేదన్నా, నిజంగా వస్తోందా?" అంది. అబద్ధం కాదు. ఎవరింటి వాసన వాళ్లకు తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా ఎండ కాసినన్నాళ్లు వాసన అణిగే ఉంటుంది. ఉచ్చలోని యూరిక్ యాసిడ్ గట్టిపడి నీళ్లకు కరగకుండా కూర్చుంటుంది. వానపడి గాలిలో తేమ పెరిగితే మళ్లీ లేస్తుంది. ఓనరు సరిగ్గా వాన రోజే వచ్చాడు.

కర్టెన్లు వేసి, లైట్లార్పి, యూవీ టార్చ్ కొట్టాను. ఎండిన ఉచ్చ ఆ వెలుగులో పసుపుపచ్చగా మెరుస్తుంది. సర్ఫు మరక కూడా మెరుస్తుంది కాబట్టి వంగి వాసన చూడక తప్పదు. ఆ అమ్మాయి రోజూ తుడిచిన చోట ఏమీ లేదు. ఉన్నదంతా మంచం వెనక గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, దాని కింద, టైల్స్ మధ్య జాయింట్లలో, వార్డ్‌రోబ్ అడుగున.

ముందు మామూలు చన్నీళ్లతో కడిగాను, పాత ఫినాయిల్ మిగిలుంటే, ఉచ్చని విరగ్గొట్టే ఎంజైమ్ మందు పనిచేయదు. తర్వాత ఆ మందు జాయింట్లలోకి ఇంకేదాకా పోసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవర్ పరిచి రాత్రంతా వదిలేశాను. పైపైన స్ప్రే కొట్టి తుడిచేస్తే డబ్బు దండగ. ఉచ్చ ఎంత లోతుకు పోయిందో మందూ అంత లోతుకు పోవాలి. పరుపు మీద రుద్దలేదు, పాత గుడ్డతో అద్దాను. వేడినీళ్లు తగలనివ్వలేదు, మరక పట్టేస్తుంది. వార్డ్‌రోబ్ అడుగు ప్లైవుడ్ ఉబ్బిపోయింది. "ఇది పోదమ్మా, ఆ చెక్క మార్చాల్సిందే" అని చెప్పేశాను. ఇట్లా చెప్తే రేటింగ్ తగ్గుతుంది. తగ్గనీ.

వంటింటి పక్కన గిన్నెలు, బట్టలు ఉతుక్కునే యుటిలిటీలోకి పోతే అక్కడ నల్ల బండ షెల్ఫు. బెంగళూరులో దాన్ని కడప కల్లు అంటారు. మా ఊరి వైపు సరుకేనని చూడగానే తెలిసింది. దాని కింద పిల్లి ఉచ్చకి పోయే డబ్బా పెట్టేవాళ్లట. బండ మీద అరచేయంత తెల్ల మచ్చ.

"మరక పోవాలని టాయిలెట్ క్లీనర్ పోశానన్నా. బుసబుసమని నురగొచ్చింది. పోతోందనుకున్నా."

పోయింది మరక కాదు, రాయి. అది సున్నపురాయి, యాసిడ్ పడితే తినేస్తుంది. మా ఇంట్లో అరుగు మీద నిమ్మకాయ పిండినా అమ్మ అరిచేది. మార్బుల్‌దీ అదే కథ, వెనిగర్ కూడా పనికిరాదు. గ్రానైట్ అయితే కొంత ఓర్చుకుంటుంది.

కంపెనీ లెక్కలో బండ పాలిష్ లేదు. మర్నాడు ఆదివారం, సొంతంగా పోయాను. నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, నాలుగు వందల నంబరుది, ఎనిమిది వందలది, పదిహేను వందలది, గరుకు తగ్గేకొద్దీ వరుసగా రుద్దాను. రెండున్నర గంటలు పట్టింది. చేతికి ఆ బూడిదరంగు బురద అంటుకుని చాలా రోజులైంది. ఆరాక కాస్త నూనె పూస్తే నలుపు తిరిగొచ్చింది.

సాయంత్రం ఓనరు వచ్చాడు. బయట వాన. బెడ్‌రూంలో నిలబడి గట్టిగా రెండుసార్లు ఎగబీల్చాడు, ఏమీ అనలేదు. వార్డ్‌రోబ్ తెరిచి చెక్కకు డబ్బు కట్టాలన్నాడు. ఆ అమ్మాయి సరేనంది. యుటిలిటీలో షెల్ఫు మీద వేలితో ఒక గీత గీసి, వేలికి అంటిన నూనె చూసుకుని, "ఇది కొత్తగా వేయించారా?" అని హిందీలో నన్నడిగాడు.

రూముకి పోయాక ఆ రోజు మ్యావ్ అనలేదు. "ఏందిరా, చెయ్యంతా బండ పొడి? మళ్లీ ఫ్యాక్టరీకి పోయినావా?" అన్నారు.