దురదా, నొప్పా: నా ముక్కు నేర్పిన తేడా

వానలు వెనకబట్టి, మా కాలనీ ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ అనే కలుపుమొక్క నడుమెత్తు పెరిగి తెల్లగా పూసే రోజుల్లో నాకు తుమ్ములు మొదలవుతాయి. హైదరాబాదు శివారుకు వచ్చి స్థిరపడిన నాటి నుంచీ ఇది ఏటా ఉన్నదే. తెల్లవారుజామున ఊపిరి తిప్పుకోనివ్వకుండా తుమ్ములు వస్తాయి, ముక్కు నీళ్లలా కారుతుంది, కళ్లు ఎర్రబడతాయి, అంగిలిని నాలుకతో గీరుకోవాలనిపించేంత దురద పుడుతుంది. జ్వరం మాత్రం ఎప్పుడూ ఉండదు. ఇది ఎలర్జీ, దానికి వాడే సెట్రిజిన్ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చేది.

ఆ ఏడాది తుమ్ముల మధ్యలోనే బడిపిల్లల నుంచి జలుబు కూడా అంటుకుంది. నాలుగైదు రోజులకు తగ్గుముఖం పట్టింది, ఇక ఫరవాలేదనుకుంటున్న సమయంలో మళ్లీ తిరగబెట్టింది. ఈసారి దురద లేదు, తుమ్ములు లేవు. కుడి చెక్కిలి లోపల బరువు, సాయంత్రానికి జ్వరం, గొంతులోకి జారే చిక్కటి పసుపుపచ్చ చీమిడి, నోట్లో చెడు వాసన. పొయ్యి ముందు నిలబడి ఇంగువ పోపు వేస్తున్నా నాకు ఏ వాసనా తెలియలేదు. కుడివైపు పై దవడ పళ్లు నమలడానికి వీల్లేనంతగా నొప్పి పెట్టడంతో ముందు పంటి డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఆయన పళ్లను ఒక్కొక్కటిగా తట్టి చూసి, ఎక్స్‌రే తీసి, పళ్లలో లోపమేమీ లేదని, పై దవడ పళ్ల వేళ్లకు ఆనుకునే చెక్కిలి సైనస్, అంటే ముక్కులోకి తెరుచుకునే ఎముకలోని గాలి గది, ఉంటుంది కాబట్టి ముక్కు డాక్టరుకు చూపించుకోమని చెప్పి పంపారు. ఆయన మాటకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇ.ఎన్.టి. డాక్టరమ్మ మొదట అడిగింది దురద గురించే. "ముక్కులో గాని కళ్లలో గాని దురదగా ఉందా అమ్మా? ముందుకు వంగితే బరువు పెరుగుతోందా?" అని అడిగి, కంటి కింది ఎముక మీద బొటనవేలితో నొక్కారు. కుడివైపు నొక్కగానే ప్రాణం పోయినట్లయింది, ఎడమవైపు ఏమీ లేదు. సన్నని ఎండోస్కోపు ముక్కులోకి పంపి, సైనస్ ద్వారం దగ్గర చీము కారుతుండటం తెరమీద నాకూ చూపించారు.

సైనస్ ద్వారం కొద్ది మిల్లీమీటర్లే ఉంటుందని, ఎలర్జీతో గాని జలుబుతో గాని లోపలి పొర వాస్తే అది మూసుకుపోతుందని, బయటికి రావలసిన స్రావం లోపలే నిలిచి అందులో బాక్టీరియా పెరుగుతుందని ఆవిడ వివరించారు. అంటే ఎలర్జీ వేరు, సైనస్ ఇన్ఫెక్షన్ వేరు అయినా మొదటిది రెండోదానికి దారి వేయగలదు. చీమిడి రంగును బట్టి మాత్రమే బాక్టీరియా అని తేల్చకూడదనీ, మామూలు జలుబులోనూ అది పచ్చబడుతుందనీ, పది రోజులు దాటినా తగ్గకపోవడం, లేదా తగ్గినట్లే తగ్గి మళ్లీ ముదరడం అసలు గుర్తులనీ అన్నారు. నాది రెండో రకం కాబట్టే అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయోటిక్ రాశారు. అంతకుముందు జలుబు మొదటి రోజుల్లోనే ఒక మందుల షాపువాళ్లు చీటీ లేకుండా యాంటీబయోటిక్ మాత్రలు నా చేతిలో పెట్టబోయారు. వైరస్ మీద పనిచేయని మందును అంత తేలిగ్గా అమ్మడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇంట్లో అందరికీ భయం ఇంకోటి. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి నిండిపోయిన రోజులు ఎవరూ మరచిపోలేదు. మా అత్తగారైతే పదేపదే నా కళ్లవంక చూసేవారు. అది ఎక్కువగా అదుపులో లేని మధుమేహం ఉన్నవారికీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ వచ్చేదని డాక్టరమ్మ ధైర్యం చెప్పారు. అయితే కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం వంటివి ఏవి కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి రావాలని గట్టిగా చెప్పారు.

మందుతోపాటు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం నాకు బాగా పనిచేసింది. అరలీటరు నీటిని మరగకాచి చల్లార్చి, అందులో ఒక చెంచా ఉప్పు కలపాలి. కుళాయి నీళ్లను నేరుగా వాడకూడదు, వాటిలో ఉండగల ఒక రకం అమీబా ముక్కుగుండా మెదడుకు చేరితే ప్రాణాంతకం. ముక్కు లోపలి వాపును తగ్గించే ఫ్లుటికాసోన్ స్ప్రేను తల కొంచెం వంచి, గొట్టం మొనను నడిమి గోడవైపు కాకుండా అదే వైపు చెవిదిక్కుగా తిప్పి కొట్టుకోవాలని దగ్గరుండి చూపించారు. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలను మాత్రం కొద్ది రోజులకు మించి వాడవద్దన్నారు, అలవాటైతే దిబ్బడ అంతకంత పెరుగుతుంది.

పోపు వాసన మళ్లీ తెలిసేసరికి మందుల కోర్సు ముగిసి చాలా రోజులైంది. పూర్తిగా కోలుకున్నాక, ఎలర్జీ మాత్రలు ముందుగా ఆపించి చర్మపరీక్ష చేశారు. వయ్యారిభామ పుప్పొడి, ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు, ఈ రెండింటి చుక్కలు వేసిన చోట్లే ముంజేయి దద్దురు కట్టింది. ఇప్పుడు దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతుకుతున్నాం. మొక్క పూతకు రాకముందే స్ప్రే మొదలుపెడుతున్నాను. చుట్టుపక్కల ప్లాట్ల వాళ్లను అడిగి, చేతులకు తొడుగులు వేసుకున్న మనుషులతో ఆ మొక్కను వేళ్లతో సహా పీకిస్తున్నాం. తుమ్ములు పూర్తిగా పోలేదు గాని, చెక్కిలి నొప్పి మళ్లీ రాలేదు.