చేతికి పట్టీ, జేబులో టికెట్టు

హోటల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా నాన్న ఎడమ చేతికి నీలం రంగు ప్లాస్టిక్ పట్టీ చుట్టి, టక్కున నొక్కి, మిగిలిన కొసను కత్తెరతో కత్తిరించింది. ఆస్పత్రిలో చేరినవాళ్లకు కడతారే, అలాంటిది. నాన్న చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"ఇది చేతికి ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఏం తిన్నా, ఏం తాగినా ఎవరూ డబ్బులడగరు నాన్నా. అన్నీ ముందే కట్టేశాం."

"అంటే బస్ పాస్ అన్నమాట" అన్నారు.

నాన్న 31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆయనకు లోకమంతా టికెట్టూ, చిల్లరా, స్టేజీలే.

మేముండేది డల్లాస్ దగ్గర. అమ్మానాన్న మార్చిలో ఆరు నెలలకని వచ్చారు. వాళ్లను బయటికి ఎక్కడికి తీసుకెళ్లినా ఒకటే ఇబ్బంది. నాన్న మెనూ కార్డులో కుడివైపు మాత్రమే చదువుతారు. మసాలా దోసె 13 డాలర్లంటే ఆయన మనసులో అది అప్పటికే 1,100 రూపాయలై కూర్చుంటుంది. "నాకు ఆకలిగా లేదు, మీరు కానివ్వండి" అంటారు. అమ్మ వెంటనే "ఇంట్లో పొద్దుటి పప్పుచారు ఉందిగా" అంటుంది. అది పిసినారితనం కాదు. ఒక్క జీతం మీద ఇద్దరు ఆడపిల్లల్ని చదివించిన ఇల్లు మాది. ఆ ఇంట్లో రూపాయి అలాగే కనపడుతుంది. నాకు బాధేసేది. ఒక్క నాలుగు రోజులు వాళ్లకు ధర అనేది కంటపడని చోటు ఎక్కడైనా ఉంటుందా అని వెతికితే ఈ ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టులు కనపడ్డాయి. గది, మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిళ్లు, జ్యూసులు, పూల్, బీచ్‌లో కుర్చీలు అన్నీ కలిపి మనిషికి రాత్రికి ఇంతని ముందే తీసుకుంటారు.

మెక్సికోలోని కాంకూన్ అనుకున్నాం. డల్లాస్ నుంచి నేరుగా వెళ్తే మూడు గంటలు కూడా పట్టదు. ఇండియన్ పాస్‌పోర్టు మీద అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు కాబట్టి అమ్మానాన్నలకు ఆ టెన్షన్ కూడా లేదు. మే నెల మొదట్లో వెళ్లాం. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవుల రద్దీ, జూన్‌లో వేసవి సెలవుల రద్దీ, మధ్యలో ధరలు కాస్త దిగుతాయి. మాది చవక రకం రిసార్టే. పెద్దవాళ్లకు రాత్రికి 95 డాలర్లు, మా ఆరేళ్ల పాపకు అందులో సగం. నాలుగు రాత్రులకు ఐదుగురికీ కలిపి 1,710 డాలర్లు. విమానం టికెట్లు వేరే. ఊరి మునిసిపాలిటీ వేసే పర్యావరణ పన్ను కొంచెం హోటల్లో దిగినప్పుడు విడిగా కట్టాలి.

చవకలో తీసుకునేటప్పుడు నేను రాజీ పడనిది ఒక్కటే, బీచ్ ఏ వైపున ఉందన్నది. కాంకూన్ హోటల్ జోన్ మ్యాప్‌లో 7 అంకెలా ఉంటుంది. ఒక పక్క నిచుప్తే అనే ఉప్పునీటి మడుగు, ఇంకో పక్క కరీబియన్ సముద్రం, మధ్యలో 20 కిలోమీటర్లకు పైగా సన్నటి ఇసుక దిబ్బ. 7లో నిలువు గీత సముద్రానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ అలలు గట్టిగా కొడతాయి, చాలా రోజులు ఎర్రజెండా ఎగురుతూనే ఉంటుంది. పైనున్న అడ్డగీత ఉత్తరం వైపు చూస్తుంది. ఎదురుగా ఇస్లా ముహేరెస్ అనే దీవి అడ్డు ఉండటంతో నీళ్లు చెరువులా ఉంటాయి. పైగా ఎండాకాలంలో సర్గాసం అనే గోధుమరంగు నాచు కొట్టుకొస్తుంది. ఒడ్డున కుప్పపడి కుళ్లిందంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అడ్డగీత వైపు అదీ తక్కువే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు హోటల్‌కి ఎన్ని స్టార్లు అన్నదాని కంటే ముందు ఇది చూసుకోవాలి. మేమున్నప్పుడు ఒకరోజు తెల్లవారుజామున నాచు పలచగా వచ్చింది. మేం టిఫిను చేసి వెళ్లేసరికి పనివాళ్లు పారలతో చక్రాల బళ్లకెత్తేశారు.

గది గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. అమ్మానాన్నలకిచ్చిన గదిలో ముక్కిన వాసన, ఏసీ నుంచి మంచం పక్కన టపటపా నీళ్లు. చెప్తే మర్నాడు మధ్యాహ్నానికి గాని మార్చలేదు. రిసార్టులోనే బఫే కాక విడిగా ఉన్న రెస్టారెంట్లకు ముందే పేరు రాయించుకోవాలి, మాకు రెండు రాత్రులే దొరికాయి. కుళాయి నీళ్లు తాగకూడదు, సీసాలు వాళ్లే పెడతారు. ఇవన్నీ ముందే తెలిసి వెళ్లాం కాబట్టి మనసు పాడు చేసుకోలేదు.

పొద్దున ఏడింటికల్లా బీచ్‌లో కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు పరిచేస్తారు. మనుషులు మాత్రం పదింటికి గాని రారు. నాన్న అది చూసి, "సీట్లో కర్చీఫ్ వేసి ఆపుకోవడం ఇక్కడా ఉందే" అన్నారు. ఆయనకు ఫస్ట్ సర్వీసు అలవాటు, నాలుగున్నరకే లేచిపోతారు. అందుకని మాకు కుర్చీల కొరత రాలేదు. కానీ మూడో రోజు ఒక ముసలి జంట నిలబడి ఉంటే తన కుర్చీ, పక్కన మా ఆయన కోసం ఆపిన కుర్చీ రెండూ చూపించి కూర్చోమన్నారు. "అల్లుడుగారు కుర్రాడు, ఇసుకలో కూర్చుంటారు" అన్నారు నాతో.

అక్కడి ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది. సున్నపు రేణువుల ఇసుక కాబట్టి నడిఎండలో కూడా కాళ్లు కాలవు. మన సూర్యలంకలో మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవగలమా? 2005లో విల్మా తుఫాను ఈ ఒడ్డు ఇసుకను చాలావరకు ఊడ్చుకుపోతే, ప్రభుత్వం సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి మళ్లీ పోయించింది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మోకాలి లోతుకు వెళ్లింది. దోసిట్లో నీళ్లు తీసుకుని మూడుసార్లు తల మీద చల్లుకుంది, కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో చేసినట్టే. "ఇది మన సముద్రం కాదే అమ్మమ్మా" అంది పాప. "ఏ సముద్రమైనా సముద్రుడే కదమ్మా" అంది అమ్మ.

ఇక తిండి. అమ్మానాన్నలు కోడి, చేప తింటారు, గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. శనివారం అమ్మకు వెంకటేశ్వరస్వామి నియమం, పూర్తిగా శాకాహారం. ఆ రోజు నేను గరిటె గరిటెకీ అడగాల్సి వచ్చింది. తెల్లగా అమాయకంగా కనపడే అన్నాన్ని అక్కడ కోడి ఉడికించిన నీళ్లతో వండటం మామూలే. నల్ల చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు వేస్తారు. మాంసం లేదు కదా అని వడ్డించుకుంటే అంతే సంగతులు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో అడిగితే వంటాయన విసుక్కోకుండా లోపలికెళ్లి, విడిగా ఉడికించిన గింజలు ఒక గిన్నెలో తెచ్చిచ్చాడు. మేం తెచ్చుకున్న కందిపొడి సరేసరి.

బఫేలో ఒక మూల పెనం ముందు ఒకావిడ మొక్కజొన్న పిండి ముద్దలు చేసి చేతుల మధ్య తట్టి టోర్టియాలు కాలుస్తూ ఉండేది. అమ్మ రోజూ పది నిమిషాలు అక్కడే. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు వదిలాక రుబ్బుతారని నేను చెప్తే, "అందుకే విరక్కుండా సాగుతోంది, జొన్నరొట్టె అయితే ఈపాటికి అంచులు చీలేవి" అంది. ఆ పిండి పట్టుకునే పద్ధతి చూసి నాణ్యం చెప్పగల మనిషి అమ్మ.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మ గాజు జాడీలో ముదురు ఎరుపు రంగు పానీయం చూసి "ఇది మందేమో, వద్దు" అంది. కాదని గ్లాసులో కొంచెం పోసిచ్చాను. ఒక గుక్క తాగింది. కళ్లు చిట్లించింది. ఇంకో గుక్క నాలుక మీదే కాసేపు ఉంచుకుంది. "ఇది గోంగూరే" అంది.

నిజమే. దాన్ని అక్కడ ఆగ్వా దె హమైకా అంటారు. ఎర్ర గోంగూర చెట్టు ముదిరి పూత దిగాక కాయ చుట్టూ దళసరిగా ఎర్రటి రేకలు వస్తాయే, అవి ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. మన పుల్లటి ఆకు చెట్టు వాళ్లకు షర్బతు చెట్టు. అమ్మకు ఎంత సంతోషమేసిందంటే పెనం దగ్గర ఆవిడకు కూడా గ్లాసు చూపించి "గోంగూర, గోంగూర" అని చెప్పొచ్చింది. ఆవిడ కూడా నవ్వుతూ "గోంగూర" అంది. ఆ పక్కనే అబనేరో మిరపకాయల పచ్చడి. మిరపకాయ పుట్టిందే ఆ నేలలో, పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెస్తే మనకొచ్చింది అన్నాను. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన అమ్మ కాసేపు నమ్మలేదు. తర్వాత ఆ పచ్చడి వేలితో తీసి నాకి, "పుట్టింటిదే, కారం చూస్తే తెలుస్తోంది" అని ఒప్పుకుంది.

నాన్న మొదటి రోజు నీళ్లు తాగడానికి కూడా నా వైపు చూశారు. రెండో రోజు పొద్దున తనంతట తానే వెళ్లి బొప్పాయి ముక్కలు తెచ్చుకున్నారు. సాయంత్రం బార్ దగ్గరకెళ్లి పట్టీ ఉన్న చెయ్యి ముందుకు చాపి "మాంగో" అన్నారు. చల్లటి మామిడి రసం తెచ్చుకుని నాకెదురుగా కూర్చుని మొత్తం తాగారు. ఇంకోటి తెచ్చుకున్నారు. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ రెండో గ్లాసు కోసమే.

మూడో రోజు ఆయనే "బయట తిరిగే ఆ బస్సెక్కుదాం" అన్నారు. రిసార్టు గేటు ముందు నుంచి ఆర్-1, ఆర్-2 సిటీ బస్సులు నిమిషానికొకటి అన్నట్టు పోతుంటాయి. ఉన్న రోడ్డల్లా ఒకటే, బొలివార్డ్ కుకుల్‌కాన్. అడ్రసులు కూడా ఇళ్ల నంబర్లు కాదు, కిలోమీటరు లెక్క. మా రిసార్టు కిలోమీటరు 6 దగ్గర, మేం వెళ్లాలనుకున్న ఎల్ రే అనే మాయా శిథిలాలు 18 దగ్గర. "ఊరంతా కిలోమీటరు రాళ్ల మీద కట్టారే" అని నాన్న మురిసిపోయారు. 1970 ప్రాంతంలో ప్రభుత్వం ప్లాను గీసి పనిగట్టుకుని కట్టించిన ఊరు అది. అంతకు ముందు కొబ్బరి చెట్లూ, ఇసుకా.

బస్సులో కండక్టర్ లేడు. డ్రైవరే డబ్బులు తీసుకుని, పక్కన గళ్ల పెట్టెలోంచి చిల్లర లెక్కపెట్టి, చీటీ చింపి ఇస్తున్నాడు. ఈలోగా బండి కదిలిపోతోంది. మన దగ్గరా నాన్‌స్టాప్ బస్సుల్లో డ్రైవరే టికెట్టిస్తాడు గాని, అది బస్‌స్టాండులోనే అయిపోతుంది. ఇక్కడ ప్రతి స్టాపులోనూ అంతే. సీటు ఖాళీగా ఉన్నా నాన్న కూర్చోలేదు. ముందు కమ్మీ పట్టుకుని ఆ డ్రైవరు చేతులనే చూస్తూ నిలబడ్డారు. ఒకచోట ఒకావిడ పెద్ద నోటిస్తే అతను చిల్లర కోసం తడుముకుంటున్నాడు. నాన్న తన జేబులో నాణేలు తీసి అరచేతిలో పరిచి చూపించారు. అతను సరిపడా ఏరుకుని నోటు నాన్నకిచ్చి, టోపీ మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. నాన్న కూడా తల పంకించారు.

శిథిలాల కంటే అక్కడి తొండలు పాపకు నచ్చాయి, మూరెడు పొడుగున్న ఇగ్వానాలు రాళ్ల మీద ఎండకు పడుకుని ఉన్నాయి. బయట కొబ్బరిబొండాల బండి మీద "$80" అని రాసి ఉంది. నాన్న గుండె ఆగినంత పనైంది. మెక్సికోలో పెసోకూ అదే గుర్తు రాస్తారని చెప్పి, లెక్క విడమరిచాక గాని ఊపిరి పీల్చుకోలేదు. నీళ్లు తాగాక లేతకొబ్బరి ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి, ఉప్పూ కారం చల్లి ఇచ్చారు. ఆ కొబ్బరి డబ్బులు నాన్నే కట్టారు.

గది శుభ్రం చేసే ఆవిడది దక్షిణ మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రమట, చాలా దూరం. పిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటారట. ఫోన్లో అనువాదం పెట్టి మాట్లాడాం. నాన్న "నెలల తరబడి నైట్ హాల్ట్" అన్నారు మెల్లగా. ఆ మర్నాటి నుంచి దిండు మీద నేను పెట్టే రెండు డాలర్లకు ఆయన ఇంకో రెండు కలిపేవారు. ఇలా చవకగా దొరికే చోట ఆ చవక ఎవరో ఒకరి జీతంలోంచి కూడా వస్తుంది. టిప్పు పట్టీలో కలిసి లేదు, దానికి విడిగా డబ్బు పెట్టుకుని వెళ్లాలి.

ఆఖరి రాత్రి బాల్కనీలో నాన్న తన చిన్న డైరీ తీశారు. కండక్టర్లు టికెట్ల లెక్క రాసే ఎస్సార్ రాసినంత శ్రద్ధగా గీతలు గీసి, బస్సు, కొబ్బరిబొండాలు, టిప్పులు అని మూడు వరసలు రాశారు. బస్సు టికెట్టు ఆ పేజీలో పెట్టారు. తర్వాత అడిగారు, "ఇప్పుడు చెప్పు. దీనికి మొత్తం ఎంతయింది?"

అబద్ధం చెప్పాలనిపించింది గాని చెప్పలేదు. 1,710 అన్నాను. పెదాలు కదిలాయి. రూపాయల్లోకి మారుస్తున్నారని తెలుసు. డైరీలో ఏవో రాసుకున్నారు. ఐదుగురు, నాలుగు రోజులు, అరవై భోజనాలు. ఒక్కో భోజనానికి 28 డాలర్ల యాభై సెంట్లు, అందులోనే మంచం, సముద్రం, మామిడి రసం. కాసేపు ఆ అంకె వంక చూశారు.

"ఓఆర్ బాగానే వచ్చిందమ్మా" అన్నారు. బస్సులో సీట్లు ఎంత నిండాయో చెప్పే ఆర్టీసీ లెక్క అది. డైరీ మూసి, "ఆ మాంగో బార్ ఎన్నింటిదాకా ఉంటుందన్నావు?" అని లేచారు.