ఎడమ మ్యాగ్నెటో ‘టక్’ అంటే

నిన్న విమాన ఇంజిన్ ప్రాక్టికల్ అయిపోయింది, మ్యాగ్నెటోల టైమింగ్ చెక్. ప్లగ్గులకి కరెంటు పుట్టించి స్పార్క్ ఇచ్చేవే మ్యాగ్నెటోలు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. గాజువాకలో రూమ్‌కి వచ్చి స్నానం చేసినా చేతులకి ఆయిల్ వాసన పోలేదు.

మాది లైకమింగ్ ఓ-320 ట్రైనింగ్ ఇంజిన్. టైమింగ్ 25 డిగ్రీలని, అంటే పిస్టన్ పైకి చేరడానికి 25 డిగ్రీల ముందే స్పార్క్ రావాలని, ప్లేటు మీదే ఉంది. పై ప్లగ్గులు తీసి, ఒకటో సిలిండర్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి కంప్రెషన్ చూసుకున్నాను. ప్రొపెల్లర్ తిప్పుతుంటే సరిగ్గా 25 గీత దగ్గరే టైమింగ్ లైట్‌లో కుడి మ్యాగ్నెటో దీపం వెలిగింది, అంటే స్పార్క్ వచ్చేది అక్కడే.

ఎడమది ప్రాణం తీసింది. గీత దాటిపోయినా దీపం రాదు. పిస్టన్ పైకి చేరేసరికి ‘టక్’ మని శబ్దం, అప్పుడు వెలుగుతుంది. ఏకంగా 25 డిగ్రీలు లేటు! నట్లు వదులు చేసి మ్యాగ్నెటోని స్లాట్ చివరిదాకా తిప్పాను. ఏం లాభం లేదు. జూనియర్లందరి ముందు మా సార్, “గీత చూడ్డం రానివాడికి విమానాలెందుకు? ఆటోలు బాగుచేసుకో” అన్నారు. మా నాన్న ఆటో మెకానిక్. తప్పెక్కడుందో మాత్రం సార్ చెప్పలేదు. తిట్టడానికి పట్టే టైమ్‌లో సగం చాలు, చెప్పడానికి.

నేవీలో రిటైరైన మాస్టారొకరు పక్కకి పిలిచి, “బాబూ, ఆ టక్ ఏటో ఆలోచించావా?” అన్నారు. అది ఇంపల్స్ కప్లింగ్. స్టార్టింగ్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, మ్యాగ్నెటోకి ఆ వేగం చాలదు. అందుకే మ్యాగ్నెటోలో తిరిగే రోటర్‌ని పట్టి ఆపి, స్ప్రింగ్ బిగించి, పిస్టన్ పైకొచ్చాక ఒక్కసారిగా వదులుతుంది. చేత్తో తిప్పినా అదే జరుగుతుంది. టక్ మనేదాకా ముందుకి తిప్పాలి, 35 దాకా వెనక్కి రావాలి, మళ్లీ మెల్లగా ముందుకి 25కి తేవాలి. అప్పుడు కప్లింగ్ పట్టదు, గేర్ల లూజు కూడా పోతుంది.

మ్యాగ్నెటోని పాత గుర్తుకి తెచ్చి అలాగే చేశాను. గీత మీదే వెలిగింది! అది మొదటినుంచీ సరిగ్గానే ఉంది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఈ చెక్‌కి స్విచ్ ‘బోత్’లో, అంటే రెండు మ్యాగ్నెటోలూ ఆన్‌లో, ఉండాలి కాబట్టి ప్లగ్ వైర్లన్నీ ముందే విప్పండి. లేకపోతే ప్రొపెల్లర్ చెయ్యి తీసేస్తుంది.

రన్-అప్‌లో, అంటే ఇంజిన్ నడిపి ఒక్కో మ్యాగ్నెటో మీదే చూసినప్పుడు, వేగం కుడిదానితో 80, ఎడమదానితో 95 ఆర్‌పీఎం పడింది. లిమిట్ 175, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. సార్ అంకెలు చూసి సంతకం పెట్టారు, మాట్లాడలేదు.

రాత్రి నాన్నకి ఫోన్‌లో ఆ టక్ సంగతి మొదలుపెట్టాను. పూర్తిగా చెప్పకముందే, “లోపల స్ప్రింగ్ ఏదైనా ఉందేట్రా?” అన్నాడు.