పిల్లలతో, అత్తమ్మతో ఓడ మీద గోవాకు

ఓడ ప్రయాణం అన్న మాట ఎత్తగానే మా ఇంట్లో ముందు లేచింది ఖర్చు సంగతి కాదు, కడిపికొండ సంగతి. మేముండేది హన్మకొండలో. కడిపికొండ కాజీపేట పక్కనే. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగినప్పుడు అందులో ఆ ఊరివాళ్ళు ఉన్నారు, చాలామంది తిరిగి రాలేదు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఇండ్లలో పడవ పేరెత్తితే పెద్దవాళ్ళ మొహాలు మారిపోతాయి. మా అత్తమ్మ ఒక్కటే అడిగింది: "పిల్లలను పట్టుకొని నీళ్ళల్లకు పోవుడెందుకు బిడ్డా, భూమ్మీద జాగ లేదా?"

ఆ మాటను నేను తీసిపారెయ్యలేదు. అది ఉత్త భయం కాదు, తెలిసినవాళ్ళ ఇండ్లలో జరిగిన చావుల మీద నిలిచిన భయం. "ఏం కాదులే" అంటే పోయేది కాదు. ఓడ మునిగితే ఏం చేస్తారు, పిల్లలను ఎవరు చూస్తారు, ఎక్కడికి పోవాలి, ఇవి తెలుసుకొని చెప్పగలిగితేనే పోదాం, లేకపోతే లేదు అని మా ఆయనా నేనూ అనుకున్నాం.

అసలు ఓడే ఎందుకంటే మా ఇంటి వయసుల వల్ల. పెద్దది ఇంటర్ మొదటి సంవత్సరం. అక్క కొడుకు తొమ్మిదో తరగతి, సెలవులు వస్తే మా దగ్గరే ఉంటాడు. చిన్నోడు రెండో తరగతి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు నష్టపోతారు. గుడికి పోతే పెద్ద పిల్లలు మూతి ముడుస్తారు, కొండలెక్కే చోటికి పోతే అత్తమ్మ కిందనే కూర్చుంటుంది, బస్సులో తిరిగితే చిన్నోడికి వాంతులు. రోజూ సంచులు సర్ది లాడ్జి మార్చే పని లేకుండా, పడుకునే గదే మనతోపాటు నడుస్తుంటే, నచ్చినవాళ్ళు నచ్చిన చోట ఉండి తిండి వేళకు కలుసుకోవచ్చు. ఇది నాకు బాగా నచ్చింది.

మేం ఎంచుకున్నది ముంబైలో ఎక్కి, గోవాలో ఒక పూట దిగి, మళ్ళీ ముంబైకి వచ్చే చిన్న ప్రయాణం. ఓడ పేరు ఎంప్రెస్, నడిపేది కార్డీలియా క్రూయిజెస్. 1990లో ఫ్రాన్స్‌లో తయారై, వేరే పేర్లతో వేరే సముద్రాలు తిరిగి, 2021లో మన తీరానికి వచ్చిన ఓడ. పదకొండు అంతస్తులు. వానాకాలంలో అరేబియా సముద్రం గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో చెన్నై వైపు తిప్పుతారు, చలికాలం ముంబై. వైజాగ్‌లో కూడా 2023లో ఓడల కోసం కొత్త టెర్మినల్ తెరిచారు, కానీ మా సెలవులకు కుదిరింది ముంబైదే. సంక్రాంతి సెలవులకు పెట్టుకున్నాం. బతుకమ్మకు, దసరాకు ఇల్లు విడిచేది లేదని అత్తమ్మ ముందే చెప్పింది, నేనూ అదే అంటాను. పైగా జనవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

బుకింగ్‌లో కనబడే ధర ఒకటి, చివరికి కట్టేది ఒకటి. పోర్టు చార్జీలు, గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికిచ్చే టిప్పు), జీఎస్టీ కలిపి చూసుకున్నాకే మరో చోటితో పోల్చాలి. ఒకే గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ తక్కువ పడుతుంది. అందుకే ఆరుగురికి రెండు గదులు తీసుకున్నాం, ఎదురెదురుగా: ఒకదాంట్లో అత్తమ్మ, పెద్దది, నేను, చిన్నోడు, ఇంకోదాంట్లో మా ఆయన, అక్క కొడుకు. వయసొచ్చిన పిల్లలున్నప్పుడు ఎవరెక్కడ పడుకోవాలన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి, అక్కడికి పోయాక చర్చ పెట్టుకుంటే అందరికీ ఇబ్బంది. గదులు చిన్నవి. పై బెర్తు గోడలోంచి కిందికి దిగుతుంది, నిచ్చెన పెట్టి ఎక్కాలి. చిన్నోడు అదే కావాలని ఏడ్చినా పెద్దదాన్ని ఎక్కించాం. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మొదటి రోజే చూపించాలి.

కాగితాల దగ్గర మన తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది, ఇంటిపేరు. పెద్దదానికి స్కూలు కాగితాల్లో ఒక్క అక్షరమే, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, అదీ ముందు. టికెట్‌లో అడిగేది మొదటి పేరు, చివరి పేరు. ఏ కార్డు చూపించబోతున్నామో ఆ కార్డులో ఉన్న అక్షరాలే టికెట్‌లోనూ ఉండేలా అందరివీ ఒక పూట కూర్చొని సరిచూశాం. దేశం దాటని ప్రయాణం కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. అక్క కొడుకు తల్లిదండ్రులు లేకుండా వస్తున్నాడు కనుక అక్కా బావా ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పుదల ఉత్తరం, వాళ్ళ ఆధార్ కాపీలు పెట్టుకున్నాం. పోయే ముందు ఆన్‌లైన్‌లో చెక్‌ఇన్ చేసి బోర్డింగ్ పాసులు ప్రింట్ తీసుకున్నాం.

ఇక పెద్ద పిల్లలతో మాట. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రయాణం బాగుండటమా పాడవటమా అన్నది ఇక్కడే తేలుతుంది. తీరం దాటాక మన సిమ్‌కు సిగ్నల్ ఉండదు. ఓడ వైఫైకి వేరే డబ్బులు. పైగా ఫోన్ ఓడలోని నెట్‌వర్క్‌ను పట్టుకుంటే రోమింగ్ బిల్లు వచ్చి పడుతుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాల్సిందే. అంటే "ఎక్కడున్నావ్" అని వాట్సాప్ చేసే దారి లేదు. అందుకని ఇంట్లోనే కూర్చొని ముగ్గురి ముందూ మాట్లాడాం. పెద్దదీ, అక్క కొడుకూ ఓడంతా తిరగొచ్చు, కానీ ఇద్దరూ కలిసే. వేరే వాళ్ళ గదుల్లోకి పోవద్దు, ఎవరు పిలిచినా సరే. తిండి వేళలకు ఫలానా చోట కనబడాలి. మధ్యలో కార్యక్రమం మారితే గదిలో అద్దం దగ్గర కాగితం మీద రాసి పోవాలి. ఓడ అంచున కటకటాల మీద కూర్చోవడం, ఫొటో కోసం వంగడం లేదు, ఈ ఒక్కదానికి రెండో మాట లేదు.

అక్క కొడుకు "చిన్నమ్మా, రాత్రి ఎన్నింటిదాకా?" అని అడిగాడు. షో అయిపోయేదాకా అన్నాను. ఆ పిల్లగాడి మొహం చూడాలి! ఇంటి దగ్గర చీకటి పడ్డాక గల్లీ చివరికి పోవాలన్నా అడిగి పోయే పిల్లలు. ఓడలో బారు, క్యాసినో వీళ్ళకు ఎట్లాగూ లేవు. గది తాళం కార్డే డబ్బుల కార్డు కూడా. రిసెప్షన్‌లో అడిగి పిల్లల కార్డుల మీద కొనుగోళ్ళు ఆపించాం.

వరంగల్‌లో పొద్దున కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు తెల్లవారకముందే ముంబై. కానీ ఓడ ఎక్కే రోజే అక్కడ దిగేటట్టు పెట్టుకోవద్దు. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. మేం ఒక రోజు ముందే బయల్దేరి కళ్యాణ్‌లో దిగి భివండిలో మా మేనమామ ఇంటికి పోయాం. మగ్గాల పని కోసం వరంగల్, సిరిసిల్ల నుంచి పోయి స్థిరపడ్డ మనవాళ్ళు అక్కడ ఎంతోమంది. సకినాల డబ్బా అక్కడే ఖాళీ అయింది. బయటి తిండి ఓడలోకి రానివ్వరు, ఆ దిగులూ తీరింది.

ముంబైలో ఓడ ఎక్కే రేవు బ్యాలార్డ్ పియర్. అక్కడ పెద్ద సంచులకు గది నంబరు చీటీలు కట్టి తీసుకుపోతారు. అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మందులు, ఒక జత బట్టలు, చిన్నోడి ఈత బట్టలు చేతి సంచిలో ఉంచుకుంటే ఆ లోపే పిల్లలు నీళ్ళలో దిగొచ్చు. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు స్కానింగ్‌లోనే ఆపేస్తారు.

నేను ఎదురుచూసింది ఆ తర్వాతి ఘట్టం కోసం. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ఆపద వస్తే ఎవరు ఎక్కడ చేరాలో చేయించి చూపించే కసరత్తు. టైటానిక్ 1912లో మునిగాక 1914లో మొదలైన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ కింద ఇవన్నీ నడుస్తాయి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒరిగిపోయినప్పుడు అప్పుడే ఎక్కిన చాలామందికి ఇంకా ఈ కసరత్తు జరగలేదు. 24 గంటల లోపు చేస్తే చాలని అప్పటి నియమం. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే చెయ్యాలని మార్చారు. ఓడలో ఉన్నవాళ్ళందరికీ సరిపోయి ఇంకా మిగిలేలా లైఫ్‌బోట్లు, రాఫ్టులు కలిపి ఉండాలన్నది కూడా నియమమే.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆ చప్పుడు వినగానే మా గదికి కేటాయించిన చోటికి పోయాం. లిఫ్టు వాడొద్దు, మెట్లే. అత్తమ్మ చెయ్యి మా ఆయన పట్టుకున్నాడు, చిన్నోడి చెయ్యి నేను. సిబ్బంది కార్డులు చూసి లెక్క పెట్టుకున్నారు. లైఫ్ జాకెట్ ఎట్లా వేసుకోవాలో, పట్టీ ఎక్కడ బిగించాలో, విజిల్, లైట్ ఎక్కడుంటాయో చూపించారు. చుట్టూ కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మనసుకు కష్టమనిపించింది. మా అత్తమ్మ మాత్రం కన్నార్పకుండా చూసింది. అయిపోయాక గదికి వచ్చి, జాకెట్లు బయటికి తీయించి, అందరితో వేయించింది. చిన్నోడికి పెద్దవాళ్ళ జాకెట్ వదులయ్యింది. మా గది చూసే అబ్బాయిని అడిగితే పిల్లల సైజుది తెచ్చిచ్చాడు. చిన్న పిల్లలున్నవాళ్ళు ఇది ఎక్కిన వెంటనే అడిగి తీసుకోవాలి. మళ్ళీ మస్టర్ చోటికి దారి పిల్లలతో నడిపించి, ఎన్ని మెట్లు, ఏ వైపు తిరగాలి అని వాళ్ళతోనే చెప్పించింది అత్తమ్మ. "మేం విడివిడిగా ఉన్నప్పుడు కూత వస్తే?" అని పెద్దది అడిగింది. మేం ఇంట్లో చెప్పుకోని నియమం అది. మమ్మల్ని వెతుక్కుంటూ గదికి రావద్దు, ఎక్కడున్నా నేరుగా ఆ చోటికే రావాలి, మేమూ అక్కడికే వస్తాం అని మా ఆయన చెప్పాడు.

ఓడ కదిలేటప్పుడు అందరం పై డెక్ మీద ఉన్నాం. ముంబై మేడలు వెనక్కి పోతుంటే అత్తమ్మ "మనదిక్కు రాజులకు సముద్రం ఎరుకేనా?" అని అడిగింది. పెద్దది చదువుకున్నది చెప్పింది. మన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున పడితే రాజులు సరుకంతా లాక్కునేవాళ్ళు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ సొమ్ము వాళ్ళకే ఉండాలి, సుంకం తప్ప మరొకటి తీసుకోం అని ఆయన రాయించాడు. ఓరుగల్లులో కూర్చొని ఎన్నడూ చూడని నావికుల గురించి అట్లా ఆలోచించిన రాజు అంటే నాకు చెప్పలేనంత గౌరవం. అత్తమ్మ "మంచిగ చేసిండు" అంది.

మొదటి రాత్రి చిన్నోడికి కొంచెం తిప్పింది. పోయే ముందే పిల్లల డాక్టర్ దగ్గర మందు, మోతాదు రాయించుకున్నాం. పెద్దవాళ్ళ మాత్ర సగం విరిచి ఇవ్వడం లాంటివి చెయ్యొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. మధ్య భాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ, మాది అట్లాంటిదే. అల్లం మురబ్బా ఒకటి చప్పరించి పడుకున్నాడు, పొద్దునకు ఇడ్లీలు తిన్నాడు. తిండికి లోటు లేదు, అత్తమ్మకు పచ్చిపులుసు లేదన్న బాధ ఒక్కటే.

గోవాలో ఓడ ఆగేది మోర్ముగావ్ రేవులో, వాస్కో ఊరి దగ్గర. పాత గోవా, పణజి పోవాలంటే దూరం. చిన్నోడితో, అత్తమ్మతో గంటలు కారులో గడపడం ఎందుకని దగ్గర్లోని నౌకాదళ విమానాల మ్యూజియానికి పోయాం. సోమవారం మూసి ఉంటుంది, రోజు చూసుకోవాలి. సీ హారియర్ యుద్ధవిమానం పక్కన నిలబడి అక్క కొడుకు కదలనంటాడు. తర్వాత బోగ్మాలో బీచ్. ఓడకు తిరిగి రావాల్సిన సమయం పిల్లల చేతి మీద పెన్నుతో రాయించాం.

పెద్ద పిల్లలు మాట తప్పలేదు. షో ముగిసిన రాత్రి ఇద్దరూ మా గది తలుపు కొట్టి "వచ్చినం" అని చెప్పి పోయారు, చెప్పమని నేను అడగకుండానే. అద్దం దగ్గరి కాగితాలు పెద్దది ఇంటికి తెచ్చుకుంది.

చివరి రాత్రి పెద్ద సంచులు గది బయట పెట్టాలి, పొద్దున దిగే బట్టలు లోపల ఉంచుకొని. లెక్క కాగితం ఒకసారి చదువుకొని సంతకం పెట్టాలి. దిగాక మధ్యాహ్నం రైలుకు చాలా సమయం ఉంది. కాజీపేట దాటుతున్నప్పుడు చిన్నోడు నేల ఇంకా ఊగుతున్నట్టుందన్నాడు. ఓడ దిగినవాళ్ళకు ఒకటి రెండు రోజులు అట్లా ఉండటం మామూలే, మందు అక్కర్లేదు. స్కూలు తెరిచేనాటికి పోయింది.