రన్నింగ్ కన్నా ముందు మీ పేరు మీద కేసుందేమో చూసుకోండి (నా అగ్నివీర్ అనుభవం)

2024లో ఆర్మీలో అగ్నివీర్‌గా చేరాలన్న నా ప్రయత్నం గ్రౌండ్ దాకా కూడా పోలేదు. సీఈఈ (మొదట జరిగే రాతపరీక్ష) పాసయ్యాను, రిజల్ట్ పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ చూసి మా నాన్న వీధంతా మిఠాయి పంచాడు, నేను ర్యాలీకి (పరుగు, పుల్ అప్స్, కాగితాల తనిఖీ జరిగే దశకి) కావలసిన కాగితాలు ఒక్కొక్కటే పోగేస్తున్నాను. టెన్త్ మెమో, నివాస ధ్రువీకరణ, కులం, సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్లి కాలేదని ఇంకోటి, 10 రూపాయల స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్. చివరికి పోలీసు క్యారెక్టర్ సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. స్టేషన్లో రైటర్ గారు నా పేరు, నాన్న పేరు, ఊరు అడిగి కంప్యూటర్లో కొట్టి చూసి, "నీ మీద సీసీ నడుస్తోంది కదా బాబూ, ఏ కేసూ లేదని ఎలా రాసిస్తాను?" అన్నారు. సీసీ అంటే పోలీసులు ఛార్జిషీట్ వేశాక కోర్టు నంబర్ ఇచ్చిన కేసు. ఆయన తప్పేం లేదు. ఏడాదిన్నర పాటు ఆ కేసుని అసలు కేసే అనుకోలేదు చూడండి, అది నా తప్పు.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా వైపు తెల్లారకముందే రోడ్ల మీద ఎంతమంది పరిగెడతారో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60 మార్కులు, 10 పుల్ అప్స్‌కి 40, ఈ లెక్కలు మాకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. కానీ ఎఫ్ఐఆర్ అంటే ఏంటి, ఛార్జిషీట్ అంటే ఏంటి, రాజీ అయితే రికార్డులో ఏమని ఉంటుంది, ఇవి ఒక్క కోచింగ్ అకాడమీలోనూ ఎవరూ చెప్పలేదు. అందుకే రన్నింగ్ టిప్స్ జోలికి పోకుండా ఈ ఒక్క సంగతే రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, ఇరవై నెలలు వాయిదాలకి తిరిగినవాణ్ని.

ముందు నా కేసు చెప్తాను, నవ్వకండి. 2023 సంక్రాంతికి మా ఊళ్లో వాలీబాల్ పోటీలు పెట్టారు. ఫైనల్లో బంతి గీత మీద పడిందా బయట పడిందా అని మొదలై, అక్కడి నుంచి తోపులాట, తర్వాత కుర్చీలు, పక్క ఊరి కుర్రాడికి నుదుటి మీద చిట్లింది. రాత్రికి వాళ్లు స్టేషన్‌కి వెళ్లి కంప్లైంట్ ఇచ్చారు, తెల్లారేసరికి మా పెద్దలు మా చేత కూడా ఒకటి ఇప్పించారు (పల్లెటూళ్లో కౌంటర్ కేసు లేకుండా కేసు ఉండదు కదా). పాత ఐపీసీలో 323 (కొట్టడం), 341 (దారి అడ్డగించడం), 506 (బెదిరించడం), వాటితో పాటు 34 (అందరూ కలిసి చేశారని). నేను ఏ4, అంటే నాలుగో నిందితుణ్ని. నాకు అప్పటికి 18 ఏళ్లు నిండి రెండు నెలలు. నా పక్కనే ఉన్న స్నేహితుడు నాకన్నా మూణ్నెల్లు చిన్న, ఎఫ్ఐఆర్‌లో వాడి వయసు కూడా "సుమారు 19" అనే రాశారు. వాళ్ల నాన్న టెన్త్ మెమో పట్టుకుని పరిగెత్తి చూపిస్తే వాడి సంగతి జువెనైల్ బోర్డుకి పోయింది. ఆ మూడు నెలల విలువ నాకు తర్వాత అర్థమైంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం, 18 ఏళ్లలోపు చేసిన దానికి బోర్డు తప్పు తేల్చినా దానివల్ల ఉద్యోగానికి అనర్హత రాకూడదు. ఘోరమైన నేరాల్లో 16 దాటినవాళ్లని పెద్దవాళ్లుగా విచారించే సందర్భాలు వేరు. మీలో ఎవరిదైనా 18 నిండకముందు జరిగిన గొడవ అయితే మొదట వయసు రుజువు తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి.

నన్ను ఎవరూ అరెస్ట్ చేయలేదు. ఏడేళ్లలోపు శిక్ష పడే సెక్షన్లకి నోటీస్ ఇచ్చి పంపేస్తారు, అప్పట్లో 41ఏ నోటీస్ అనేవాళ్లు. సంతకం పెట్టి ఇంటికొచ్చి గ్రౌండ్‌కి పోయాను. "అరెస్ట్ లేదు కాబట్టి కేసు లేదు" అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. మనలో సగం మంది బోల్తా పడేది ఇక్కడే. అటెస్టేషన్ ఫారంలో (సెలక్షన్ అప్పుడు మన వివరాలు మనమే రాసిచ్చే ఫారం) ప్రశ్న ఒక్కటి కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, ప్రాసిక్యూట్ అయ్యావా (కోర్టులో కేసు నడిచిందా), డిటెన్షన్‌లో ఉంచారా, బైండోవర్ చేశారా, కోర్టు ఫైన్ వేసిందా, శిక్ష పడిందా, ఈరోజుకి ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందా, ఇలా విడివిడిగా అడుగుతారు. నాకు మొదటి దానికి "లేదు" నిజం. రెండోదానికి "లేదు" అని రాస్తే అబద్ధం, ఎందుకంటే ఛార్జిషీట్ పడి సీసీ నంబర్ వచ్చింది.

బైండోవర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎలక్షన్ల ముందు ఊళ్లో గొడవ పడతారనుకున్న కుర్రాళ్లందరినీ తహసీల్దార్ ఆఫీసుకి పిలిచి, శాంతిగా ఉంటామని బాండ్ రాయించుకుంటారు కదా, పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 107, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 126. అది నేరం రుజువైనట్టు కాదు, శిక్షా కాదు. కానీ ఫారంలో దానికి ప్రత్యేకంగా గడి ఉంది. ఏదో పార్టీ జెండా పట్టుకుని తిరిగినందుకు బైండోవర్ అయినవాళ్లు నాకు తెలిసి మా మండలంలోనే పదిమంది ఉంటారు, వాళ్లలో ఒక్కడికి కూడా ఆ గడి ఉందని తెలీదు.

ఫైన్ సంగతి ఇంకా దారుణం. ట్రాఫిక్ చలానా కడితే కంగారక్కర్లేదు, అది వేరే. డ్రంకెన్ డ్రైవ్ అలా కాదు, మోటార్ వెహికల్ యాక్ట్ 185, కోర్టుకి పోతుంది. సంక్రాంతికి కోడిపందేల దగ్గర దొరికితే గేమింగ్ చట్టం కింద పెట్టీ కేసు. "ఒప్పుకుని ఫైన్ కట్టేయ్, ఒక్కరోజులో అయిపోతుంది" అని అందరూ సలహా ఇస్తారు. నిజమే, ఒక్కరోజులో అయిపోతుంది. కానీ నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం అంటే చట్టం లెక్కలో శిక్ష పడినట్టే. కొన్ని వందల రూపాయలు కట్టి, నెత్తి మీద కన్విక్షన్ పెట్టుకుని బయటకొచ్చి టీ తాగుతాం. పదేళ్ల తర్వాత కూడా ఆ గడిలో "అవును" అనే రాయాలి. ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఒప్పుకునే ముందు ఒక్క లాయర్ని అయినా అడగండి, ప్లీజ్.

నా కేసుకి వస్తే, 323, 341, 506 మూడూ రాజీ పడదగినవే. రాజీని కోర్టు రికార్డు చేస్తే సీఆర్‌పీసీ 320 ప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క (ఇప్పుడు అదే బీఎన్ఎస్ఎస్ 359). పోలీసుల మీద చెయ్యి చేసుకున్నారని 353 (ఇప్పుడు బీఎన్ఎస్ 132) పడితే మాత్రం ఇలా రాజీ కుదరదు, హైకోర్టు దాకా పోవాలి. జాతరల్లో, పోటీల్లో పోలీసులు ఆపడానికి వచ్చినప్పుడు దూరం జరగండి అని మా సీనియర్ ఒకాయన చెప్పేది ఇందుకే.

మా రెండు ఊళ్ల రాజీ ఎలా కుదిరిందో చెప్తే సీరియల్ అయిపోతుంది. వాళ్ల వైపు ఏ2 కూడా నాతోపాటే సీఈఈ పాసై, నాలాగే సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయాడు. ఇద్దరం ఒకే స్టేషన్ వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ సాయంత్రం వాడే ఫోన్ చేశాడు, "పెద్దోళ్ల పంతానికి మనిద్దరి జీవితం పోతోందిరా" అని. 2024 సెప్టెంబర్‌లో జరిగిన లోక్ అదాలత్‌లో రెండు కేసులూ ఒకే పూటలో తేలిపోయాయి. కానీ ఆ ఏడాది ర్యాలీ అప్పటికే చేజారిపోయింది.

తర్వాత చేసిన పని చాలామంది వదిలేస్తారు. కోర్టులో కేసు అయిపోయినంత మాత్రాన స్టేషన్ రికార్డులో దానంతట అదే మారిపోతుందనుకోకండి. కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకున్నాను, ఒకటి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకున్నాను, రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఇంకా పెండింగ్ అనే ఉంది, మళ్లీ ఇచ్చాను. ఈ-కోర్ట్స్ సైట్లో మీ పేరు, కేసు నంబర్ కొట్టి స్టేటస్ చూసుకోవచ్చు, ఖర్చేమీ లేదు. బెంగళూరులో పని చేసినప్పుడు అయిన కేసు ఇక్కడ తెలీదులే అనుకునేవాళ్లకి ఒక మాట, స్టేషన్లన్నీ సీసీటీఎన్ఎస్‌లో (పోలీసుల దేశవ్యాప్త కంప్యూటర్ నెట్‌వర్క్) కలిసిపోయి చాలా కాలమైంది.

ఇప్పుడు మా బావ సంగతి. మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద, నాకు పరుగు నేర్పింది వాడే. ఒక కేంద్ర బలగంలో కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. వాడి మీద ఎప్పుడో పొలం గట్టు తగాదాలో ఒక కేసు, విచారణ జరిగి కోర్టు కొట్టేసింది కూడా. ఫారం నింపేటప్పుడు పక్కనున్నవాడు "కొట్టేసిన కేసు రాసి లేనిపోని తలనొప్పి ఎందుకు" అన్నాడట, వీడు అన్ని గడుల్లోనూ "లేదు" రాసేశాడు. ట్రైనింగ్ ఐదో నెలలో జిల్లా నుంచి వెరిఫికేషన్ రిపోర్ట్ వెళ్లింది. నోటీస్, జవాబు, ఆ తర్వాత ఇంటికి. ఆ రోజు రైల్వే స్టేషన్లో నల్ల ట్రంకు పెట్టె మీద కూర్చుని వాడు నాతో అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను, "నేను గెలిచిన కేసేరా అది." వాడి రిట్ హైకోర్టులో నడుస్తోంది.

వాడి కోసమే నేను అవతార్ సింగ్ కేసు గురించి చదివాను. 2016 జులై 21న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఇచ్చిన తీర్పు, ఇలాంటి ప్రతి కేసులోనూ దాన్నే చూపిస్తారు. నాకు అర్థమైనంతలో చెప్తాను. కుర్రతనంలో నినాదాలు చేసినట్టు మరీ చిన్న కేసయితే, దాచినా సరే క్షమించే వీలు డిపార్ట్‌మెంట్‌కి ఉంది. చిన్నది కాని నేరంలో శిక్ష పడి దాచితే తీసేయొచ్చు. నిజం రాసినా కూడా, కేసు ముగిసిపోయినా కూడా, తీసుకోవాలా వద్దా అని చూసుకునే హక్కు వాళ్లకే ఉంది, తీసుకుని తీరాలని మనం బలవంతపెట్టలేం. సాక్షులు మాట మార్చడం వల్లనో, ఏదో లోపం వల్లనో బయటపడితే అది పూర్తి క్లీన్ కాదని కూడా అనొచ్చు. అంటే నిజం రాస్తే ఉద్యోగం గ్యారంటీ అని నేను అనట్లేదు, ఎవరైనా అలా చెప్తే నమ్మకండి. కాకపోతే నిజం రాసినవాడి కేసులో వాళ్లు చూసేది ఆ పాత గొడవ ఒక్కటే, దాచినవాడికి ఆ గొడవతో పాటు అబద్ధం కూడా లెక్కలోకి వస్తుంది.

ఆర్మీలో ఇంకో మెలిక ఉంది. ఎన్‌రోల్‌మెంట్ అప్పుడు అధికారి అడిగిన ప్రశ్నకి తెలిసి తెలిసి తప్పు జవాబు ఇచ్చినట్టు తర్వాత బయటపడితే, 1950 ఆర్మీ యాక్ట్ సెక్షన్ 44 కింద కోర్ట్ మార్షల్, ఐదేళ్ల వరకు జైలు. అగ్నివీర్లకి కూడా ఆ చట్టమే వర్తిస్తుంది. వాలీబాల్ గొడవకి గట్టిగా అయితే రెండేళ్ల శిక్ష. దాన్ని దాచితే ఐదేళ్లు. ఈ లెక్క చూశాక నాకు దాచాలన్న ఆలోచనే పోయింది.

సికింద్రాబాద్ గురించి అడుగుతారని తెలుసు. 2022 జూన్ 14న అగ్నిపథ్ (అగ్నివీర్లని తీసుకునే పథకం) ప్రకటించారు, 17న స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. అక్కడికి వెళ్లినవాళ్లలో ఫిజికల్, మెడికల్ పాసై, కరోనా వల్ల రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, రెండేళ్లు ఎదురుచూడటం అంటే ఏంటో మనకి తెలుసు. రెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురీ ఢిల్లీలో ప్రెస్ మీట్ పెట్టి, ఆందోళనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి ఒక్కరూ రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి, ఎఫ్ఐఆర్ ఉంటే చేరలేరు అని తేల్చి చెప్పారు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూసి రైలెక్కినవాళ్ల సంగతి ఆలోచిస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఏ గ్రూపులో ఉన్నారో ఒకసారి చూసుకుని అనవసరమైనవి బయటికొచ్చేయండి.

2025లో మళ్లీ రాశాను. ఆ ఏడాది నుంచి సీఈఈ తెలుగులో కూడా పెట్టారు, నాలాంటి తెలుగు మీడియంవాళ్లకి అది పెద్ద ఊరట, మ్యాథ్స్ ప్రశ్న అర్థం చేసుకోవడానికే సగం టైమ్ పోయే బాధ తప్పింది. ర్యాలీలో 5:22, పుల్ అప్స్ 10. మెడికల్‌లో చెవి గులిమికి రివ్యూ పడింది (ముందే క్లీన్ చేయించుకోండి, మా అమ్మ లక్షసార్లు చెప్పింది). కాగితాలు చూసే టేబుల్ దగ్గర కేసు సంగతి నేనే ముందు చెప్పి సర్టిఫైడ్ కాపీ చేతిలో పెట్టాను. ఆయన ఒక్కో పేజీ తిప్పి, "వాలీబాల్?" అని హిందీలో అడిగి, పక్కనున్న ఆయనకి చూపించారు. ఇద్దరూ నవ్వలేదు. ఫైల్లో పెట్టుకున్నారు. ఫారంలో ప్రాసిక్యూట్ గడిలో "అవును" రాసి, సీసీ నంబర్, కోర్టు, సెక్షన్లు, రాజీ అయిన తేదీ అన్నీ పక్కన వేరే కాగితం మీద రాసి జత చేశాను. చెయ్యి వణికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కొన్ని వారాలకి ఎస్బీ (పోలీసు స్పెషల్ బ్రాంచ్) నుంచి ఒకాయన బైక్ మీద ఇంటికొచ్చారు. పక్కింటి వాళ్లని అడిగారు, సర్పంచ్‌ని అడిగారు, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ నా ఫారం జిరాక్స్ తీసి చూసి, "కేసుందని నువ్వే రాశావా? ఎవరైనా రాయమన్నారా?" అన్నారు. "నేనే రాశాను సార్" అన్నాను. "మంచిది, నాకు రాసుకునే పని తగ్గింది" అని గ్లాసు కింద పెట్టి లేచారు.

జాయినింగ్ తేదీ వచ్చింది. ట్రైనింగ్‌లో మొదట్లో ఫోన్ ఉండదంటున్నారు, కాబట్టి కాగితాల గురించి డౌట్లుంటే ఈ వారం లోపే అడగండి. మా వాలీబాల్ ప్రత్యర్థి, అదే వాళ్ల ఏ2, హైట్ దగ్గర బాగానే దాటాడు కానీ రన్నింగ్‌లో ఈసారి పోయింది, వాడు మళ్లీ రాస్తున్నాడు. కేసు గురించి వాడినీ అడగొచ్చు, నాకన్నా బాగా చెప్తాడు.