నడిగడ్డ నుంచి చూస్తే భారత చరిత్ర

గద్వాలలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు సాయంత్రం పూట చరిత్ర చెబుతూ ఉంటాను. పోయిన నెలలో ఒకరోజు విజయనగర, బహమనీ రాజ్యాల పాఠం నడుస్తున్నప్పుడు, ఈ రెండు రాజ్యాలు తరతరాలుగా దేనికోసం కొట్లాడుకున్నాయని అడిగాను. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి తడుముకోకుండా "రాయచూర్ అంతర్వేది కోసం సార్" అని చెప్పింది. అంతర్వేది అంటే ఏమిటని అడిగితే, రెండు నదుల నడుమ ఉన్న నేల అని అదీ సరిగానే చెప్పింది. "మరి మీది ఏ ఊరు బిడ్డా?" అన్నాను. అలంపూర్ దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక పల్లె పేరు చెప్పింది. "అయితే ఆ అంతర్వేది ఎక్కడున్నట్టు?" అంటే "కర్ణాటకలో సార్" అంది.

తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందరి మనసులోనూ ఉన్న జవాబు అదే. పుట్టినప్పటి నుంచి నడిగడ్డ అనే మాట వింటూ పెరిగిన పిల్లలకు, పుస్తకంలో అంతర్వేది అని రాసి ఉన్నది తమ నడిగడ్డేనని అంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను సుద్దముక్క తీసుకుని నేల మీదనే రెండు గీతలు గీశాను. పైనుంచి వచ్చేది కృష్ణ, కిందినుంచి వచ్చేది తుంగభద్ర. రెండూ పడమటి నుంచి దగ్గరవుతూ వచ్చి తూర్పున కూడవెల్లి దగ్గర కలుస్తాయి. ఆ రెండు గీతల నడుమ పడమటి వైపు రాయచూర్, ముద్గల్ అని రాసి, గీతలు దగ్గరపడే తూర్పు కొసన గద్వాల, అలంపూర్ అని రాశాను. ఆ అమ్మాయి లేచి వచ్చి, ఆ కొసలో తన ఊరు ఎక్కడ ఉంటుందో వేలు పెట్టి చూపించింది.

ఆ రోజు నుంచి పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను. బిట్లు బట్టీ పట్టడం తప్పని నేను అనను; పరీక్షకు ముందు చివరి నెలలో బిట్ బ్యాంకు అవసరమే. కానీ ఇప్పుడు ప్రశ్నపత్రంలో ఒక్క సంవత్సరం అడిగి వదిలేసే ప్రశ్నలు తగ్గిపోయాయి. నాలుగు సంఘటనలను కాలక్రమంలో పెట్టమంటారు, రెండు వాక్యాలిచ్చి ఒకటి మరొకదానికి కారణమా అని అడుగుతారు, రాజులను శాసనాలతో జతపరచమంటారు. అలాంటి చోట విడివిడిగా గుర్తుపెట్టుకున్న అంకెలు పరీక్ష హాలులో ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఒక నేలను గట్టిగా పట్టుకుని, దాని మీదుగా ఎవరి తర్వాత ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో చూసుకుంటూ పోతే ఆ అంకెలకు నిలబడే చోటు దొరుకుతుంది. పాలమూరు పిల్లలకు అలాంటి నేల వెతుక్కోవాల్సిన పనే లేదు.

మొదట మౌర్యులనే తీసుకుందాం. అశోకుడి బ్రాహ్మీ శాసనాలను జేమ్స్ ప్రిన్సెప్ 1837లో చదవగలిగాడని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అయితే ఆ శాసనాల్లో రాజు పేరు దాదాపు అన్ని చోట్లా 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి' అనే ఉంది. అశోకుడనే పేరు స్పష్టంగా కనబడిన శాసనం 1915లో మస్కి దగ్గర దొరికింది. ఆ దేవానాంప్రియుడు అశోకుడేనని సింహళ గ్రంథాల ఆధారంగా అంతకు ముందే పండితులు చెబుతున్న మాటకు రాతి సాక్ష్యం మస్కిలో దొరికిందన్నమాట. ఆ మస్కి ఉన్నది రాయచూర్ జిల్లాలో, అంటే ఇదే రెండు నదుల నడుమ. శాసనం దొరికేనాటికి అది నిజాం రాజ్యంలో భాగం. పాటలీపుత్రం నుంచి ఇంత దూరం వచ్చి ఇక్కడ శాసనం ఎందుకు వేయించారని పిల్లలను అడిగితే మొదట మౌనంగా ఉంటారు. మస్కిని కనుగొన్నది ఒక బంగారు గనుల ఇంజనీరని చెబితే, వెంటనే సగం మంది జవాబు అందుకుంటారు. తుంగభద్ర అవతల కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి శాసనాన్ని కూడా అదే పేజీలో రాసుకోమంటాను, అప్పుడు మౌర్యుల దక్షిణపు హద్దు పటంలో దానంతట అదే కనబడుతుంది.

తర్వాత అలంపూర్. పుస్తకాల్లో దీనికి దక్కేది ఒక్క లైను: నవబ్రహ్మ ఆలయాలు, బాదామి చాళుక్యులు. దీని దగ్గర నేను పిల్లలను రెండు తరగతుల పాటు ఆపుతాను, ఎందుకంటే చాళుక్యుల దగ్గర పోయినన్ని మార్కులు మన వాళ్లకు ఇంకెక్కడా పోవు. బాదామి, వేంగి, కళ్యాణి అని మూడు చాళుక్య వంశాలున్నాయి. బాదామి రాజు రెండో పులకేశి నర్మద దగ్గర హర్షుడిని నిలువరించాడు. ఆ గెలుపు గురించి రవికీర్తి రచించిన ఐహోలు శాసనం 634 నాటిది. ఆ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితోనే వేంగి శాఖ మొదలైంది. 642లో పల్లవ నరసింహవర్మ బాదామిని పట్టుకుని 'వాతాపికొండ', అంటే వాతాపిని (బాదామిని) గెలిచినవాడు అనే బిరుదు పెట్టుకున్నాడు. ఆ దెబ్బ నుంచి తేరుకున్న తర్వాతి చాళుక్య రాజుల కాలంలో అలంపూర్ గుళ్లు చాలావరకు లేచాయి. ఎనిమిదో శతాబ్దం నడుమ రాష్ట్రకూట దంతిదుర్గుడు బాదామి వంశాన్ని కూలదోశాడు, రెండు వందల ఏళ్లు గడిచాక 973లో తైలపుడు రాష్ట్రకూటులను కూలదోసి కళ్యాణి శాఖను నిలబెట్టాడు. ఈ వరుసను ఒక కుటుంబం కథలా చెప్పుకుంటే మూడు వంశాలు కలగాపులగం కావు. కళ్యాణి చాళుక్యుల గుర్తుగా మన నల్లగొండ వైపు భువనగిరి కోట ఉంది. ఆరో విక్రమాదిత్యుడి బిరుదైన త్రిభువనమల్ల నుంచే ఆ కొండకు త్రిభువనగిరి అనే పేరు వచ్చింది.

అలంపూర్ గుడి ముందు నిలబడి శిఖరం వైపు తలెత్తి చూడమని పిల్లలకు చెబుతాను. తంజావూరు విమానంలా అంతస్తులు అంతస్తులుగా పైకి పోకుండా, నాలుగు వైపుల నుంచీ వంపు తిరుగుతూ లేచి, మీద ఉసిరికాయ చీలికల్లాంటి గుండ్రటి రాయితో ముగుస్తుంది. ఆ రాయి పేరు అమలకం, ఉసిరిక నుంచే వచ్చిన పేరు. ఉత్తరాదిలో కనబడే నాగర శైలి ఇది, కృష్ణ దాటి దక్షిణానికి వచ్చి ఇక్కడ నిలిచింది. అదే చాళుక్యులు పట్టడకల్లులో నాగర శిఖరాలనూ ద్రావిడ విమానాలనూ పక్కపక్కనే కట్టించారు. నాగర, ద్రావిడ, వేసర శైలుల తేడా మీద ప్రశ్న వస్తే, ఆ ఉసిరిక రాయిని ఒకసారి కళ్లారా చూసిన పిల్లలు తప్పు చేయరు. ఇంకో చిన్న మెలిక కూడా గుర్తుంచుకోవాలి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది పేర్ల చివరా బ్రహ్మ ఉన్నా, అవి తొమ్మిదీ శివాలయాలే.

ఇక అంతర్వేది యుద్ధాలు. విజయనగరం 1336లో, బహమనీ రాజ్యం 1347లో మొదలయ్యాయి. రెండింటి నడుమ పోరుకు పుస్తకాలు మతాన్ని కారణంగా చూపిస్తే పిల్లలు దాన్నే పట్టుకుంటారు, కానీ నడిగడ్డ చేలను చూసినవాళ్లకు అసలు కారణం తెలుస్తుంది. రెండు వైపులా నదులు, నడుమ నల్లరేగడి, దాటడానికి రేవులు, కాపు కాయడానికి రాయచూర్, ముద్గల్ కోటలు. ఉత్తరాది రాజు ఈ నేలను పట్టుకుంటే తుంగభద్ర దాకా వచ్చినట్టు, దక్షిణాది రాజు పట్టుకుంటే కృష్ణ దాకా పోయినట్టు. నడిగడ్డ ఎవరి చేతిలో ఉంటే అవతలివాడి గుమ్మం ముందు వాళ్లు కూర్చున్నట్టే. అంతకు ముందు చాళుక్యులూ చోళులూ కూడా ఇక్కడే తలపడ్డారని గుర్తు చేసుకుంటే, మతం ఒక్కటే కారణమనే వాక్యం ఎందుకు నిలవదో అర్థమవుతుంది.

1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించి రాయచూర్ కోటను పట్టుకున్నాడు. ఆ యుద్ధంలో ఫిరంగులు మోగాయి, పోర్చుగీసు తుపాకీదారులు రాయల పక్షాన పోరాడారు, ఆ వివరాలను పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాసిపెట్టాడు. మొదటి పానిపట్టు యుద్ధం 1526లో, అంటే దీనికి ఆరేళ్ల తర్వాత జరిగింది. ఫిరంగులు బాబరుతోనే మన దేశంలోకి వచ్చాయని ఎక్కడైనా వాక్యం కనబడితే, రాయచూరును తలచుకుని దాన్ని కొట్టివేయమని చెబుతాను. అదే బాబరు తన ఆత్మకథలో, సైన్యంలోనూ రాజ్యవిస్తీర్ణంలోనూ హిందూ రాజుల్లో విజయనగర రాజు అందరికన్నా పెద్దవాడని రాసుకున్నాడు. దక్షిణాది పాఠాన్నీ ఉత్తరాది పాఠాన్నీ వేర్వేరు నోట్‌బుక్కుల్లో రాసుకునే అలవాటు వల్లనే ఈ ఇద్దరూ ఒకే కాలం వాళ్లన్న సంగతి మన పిల్లలకు తట్టదు.

1565 జనవరి 23న కృష్ణ ఒడ్డున జరిగిన తళ్లికోట లేక రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం తరఫున పోరాడిన అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన మీదికి వచ్చినవి బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్. బహమనీ రాజ్యం చీలి ఏర్పడిన ఐదు సుల్తానత్‌లలో ఐదోదైన బీరార్ ఆ కూటమిలో లేదు. ఈ ఒక్క పేరు మీద ఎంతోమంది మార్కు పోగొట్టుకున్నారు. గోల్కొండ పక్షాన వచ్చిన ఇబ్రహీం కుతుబ్షా అంతకు ముందు ఏడేళ్ల పాటు విజయనగరంలోనే, ఈ రామరాయల దగ్గరే తలదాచుకున్నవాడు. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నది ఆయననే. ఆశ్రయం ఇచ్చినవాడి మీదికే సైన్యంతో వచ్చాడన్న మాట చెప్పినప్పుడు తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత ఆ నాలుగు పేర్లు ఎవరూ మరచిపోవడం నేను చూడలేదు.

మొఘలుల కాలాన్నీ ఆసఫ్‌జాహీల మొదటి రోజులనూ ఇక్కడ త్వరగా దాటేస్తాను. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందంలో చేరాడు. మైసూరు యుద్ధాల వల్ల తనకు దక్కిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను 1800లో సైన్యం ఖర్చు కింద కంపెనీకి వదులుకున్నాడు. వాటినే దత్త మండలాలు అంటాం. వాటిని చక్కదిద్దడానికి వచ్చిన థామస్ మన్రో అక్కడ రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. తుంగభద్ర ఇవతల మాత్రం నిజాం రాజ్యం, గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు అలాగే సాగాయి. ఒక నది దాటితే శిస్తు కట్టే తీరే మారిపోయేది. నేరుగా ఎదురుగా ఉన్న కర్నూలులో నవాబు 1839 దాకా ఉన్నాడు. ఆ ఏడాది హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలా కంపెనీ పాలనకు ఎదురుగా సాగిన వహాబీ కుట్రలో పట్టుబడ్డాడు, కర్నూలు నవాబుకు కూడా అందులో చేయి ఉందని కంపెనీ ఆయన రాజ్యాన్ని తీసేసుకుంది. తెలంగాణ చరిత్ర పుస్తకంలో ముబారిజుద్దౌలా, ఆంధ్ర చరిత్ర పుస్తకంలో కర్నూలు నవాబు విడివిడిగా కనబడతారు. రెండూ ఒకే సంగతి అని రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికే తెలుస్తుంది.

ఈ వరుస అంతా చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆఖరి రోజు ఆ అమ్మాయి ఒక ప్రశ్న రాసుకుని వచ్చింది. "1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది కదా సార్, ఏరు దాటితే కర్నూలే. మరి అప్పుడు మా తాత ఏ రాష్ట్రంలో ఉన్నట్టు?" అని అడిగింది. హైదరాబాద్ రాష్ట్రంలో అని చెప్పాను. అవతల ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం, ఇవతల ముఖ్యమంత్రి మన పాలమూరు గడ్డ మీది బూర్గుల రామకృష్ణారావు. "జిల్లా మహబూబ్‌నగరే కదా సార్?" అంది.

కాదు. అప్పుడు గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూర్ జిల్లాలో ఉండేవి. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం ఆ ఏడాది నవంబర్ 1న ఆ రెండు తాలూకాలనూ, గుల్బర్గా జిల్లాలోని కొడంగల్‌నూ మహబూబ్‌నగర్‌లో కలిపారు. మిగిలిన రాయచూర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. నడిగడ్డకు నీళ్లిచ్చే రాజోలిబండ ఆనకట్ట అటువైపు పడింది, దాని కింద తడవాల్సిన 87,500 ఎకరాలు ఇటువైపు మిగిలాయి. గ్రూప్-2 నాలుగో పేపరులో ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) గురించి వచ్చే ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

ఆ అమ్మాయి నోట్‌బుక్కులో మొదటి రోజు రాసుకున్న పేజీకి వెనక్కి వెళ్లి, 'రాయచూర్ అంతర్వేది' అన్న మాట కింద 'మా తాత జిల్లా' అని రాసుకుంది.